ఆకాశపథంలో అమీ జాన్సన్

భూగోళ పటం మీద రెండు నగరాలను కలుపుతూ గీత గీయడం క్షణకాలంలో ముగిసే పని. ఆ గీతను కొలిస్తే దూరం తెలుస్తుంది. దూరాన్ని విమానవేగంతో భాగిస్తే ప్రయాణకాలం తెలుస్తుంది. లెక్కకు ఇంతకు మించి అవసరం లేదు. అయితే ఆ గీత వెంట పయనించే మనిషికి పర్వతాలు, ఎడారులు, సముద్రాలు, వర్షమేఘాలు ఎదురవుతాయి. ఇంధనం తరిగిపోతుంది. యంత్రం మొరాయిస్తుంది. కన్ను నిద్రకు వాలుతుంది. లెక్కలో చేరని ఈ అంశాలన్నీ కలిసి గంటలను రోజులుగా మారుస్తాయి. ఈ సత్యాన్ని స్వానుభవంతో తెలుసుకొన్న సాహసి అమీ జాన్సన్. 1930 మే నెలలో లండన్ చెంతనున్న క్రాయిడన్ విమానాశ్రయం నుండి ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని డార్విన్ వరకు సుమారు 11,000 మైళ్ళు, అనగా దాదాపు 18,000 కిలోమీటర్లు, ఒంటరిగా విమానం నడిపిన తొలి మహిళ ఆమె. అప్పటికి ఆమె వయస్సు 26 సంవత్సరాలు.

అమీ జాన్సన్ 1903 జూలై 1వ తేదీన ఇంగ్లండు తూర్పుతీరంలోని హల్ అనే రేవుపట్టణంలో జన్మించింది. తండ్రి చేపల వ్యాపారి. నలుగురు కుమార్తెలలో అమీ పెద్దది. షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం చదివి పట్టభద్రురాలైంది. ఆనాటి ఇంగ్లండులో చదువుకొన్న స్త్రీలకు కూడా తెరచి ఉన్న ద్వారాలు కొద్దివే. లండన్ చేరిన అమీకి ఒక న్యాయవాది కార్యాలయంలో ఉద్యోగం లభించింది. ఉత్తరాలు టైపు చేయడం, కాగితాలు సర్దడం ఆమె నిత్యకృత్యం. ఆ పనిలో ఆమెకు తృప్తి కలగలేదు. చాలాకాలంగా మనస్సులో పెంచుకొన్న వివాహాశ కూడా 1928లో భగ్నమైంది. నిస్పృహలో కాలం వెళ్ళబుచ్చుతున్న ఆ యువతి దృష్టి ఆకాశం వైపు మళ్ళింది.

లండన్ నగరానికి ఉత్తరదిశలో స్టాగ్ లేన్ అనే విమానక్షేత్రం ఉండేది. అక్కడి విమాన క్లబ్బులో 1928లో అమీ శిక్షణకు చేరింది. ఆరంభం ఏమంత ఆశాజనకంగా లేదు. తలకు సరిపడని శిరస్త్రాణం ధరించినందువలన మొదటి పాఠంలో శిక్షకుని సూచనలు ఆమెకు సరిగా వినబడలేదు. ఆమెకు ఈ విద్య అబ్బదని ఆ శిక్షకుడు తేల్చాడు. ఒంటరిగా విమానం నడిపే అర్హత సాధించడానికి తోటివిద్యార్థుల కంటె ఆమెకు ఎక్కువ కాలం పట్టింది. అయినా ఆమె పట్టు విడువలేదు. 1929 జూలైలో పైలట్ లైసెన్సు సంపాదించింది.

విమానం నడపడం నేర్చుకొన్నవారు ఆ రోజులలో పలువురు ఉన్నారు. అమీ అంతటితో ఆగలేదు. విమానం ఎలా ఎగురుతుందో తెలిసినవారికి అది ఎందుకు ఆగిపోతుందో కూడా తెలియాలని ఆమె భావించింది. క్లబ్బు ప్రధాన ఇంజనీరు జాక్ హంఫ్రీస్ వద్ద యంత్రవిద్య అభ్యసించింది. విమానాల షెడ్డులోకి ఒక స్త్రీ వచ్చి పని చేయడం అక్కడి పురుషులకు మొదట రుచించలేదు. నూనె మరకలు అంటిన దుస్తులతో, ఉదయం కార్యాలయానికి వెళ్ళకముందు, సాయంత్రం తిరిగి వచ్చిన తరువాత, అమీ ఇంజను భాగాలను విప్పి, శుభ్రపరచి, తిరిగి బిగించేది. ఆ దీక్షను చూసి వారు క్రమంగా ఆమెను తమలో ఒకరిగా స్వీకరించారు. 1929 డిసెంబరులో ఆమె గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సు పొందింది. బ్రిటన్‌లో ఆ అర్హత సాధించిన మొదటి మహిళ ఆమె. ఆమె భవిష్యత్తుకు పునాది వేసినది ఈ లైసెన్సే అని చెప్పవచ్చు.

ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగరాలన్న సంకల్పం అప్పటికే ఆమెలో మొలకెత్తింది. ఆ మార్గంలో 1928లో బర్ట్ హింక్లర్ అనే ఆస్ట్రేలియన్ పైలట్ పదిహేనున్నర రోజులలో గమ్యం చేరి రికార్డు నెలకొల్పాడు. ఆ రికార్డును అధిగమించాలని అమీ ఆశించింది. కాని అంతవరకు ఆమె ఒంటరిగా చేసిన పెద్ద ప్రయాణం లండన్ నుండి స్వస్థలమైన హల్ వరకు మాత్రమే. ఆ అనుభవాన్ని చూసి ఆమెకు ధనసహాయం చేయడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఎందరికో ఉత్తరాలు వ్రాసింది. చివరకు కందెన నూనెల వ్యాపారంలో ప్రసిద్ధుడైన లార్డ్ వేక్‌ఫీల్డ్ అంగీకరించాడు. విమానం వెలలో కొంత భరించడానికి, మార్గమధ్యంలో ఇంధనం అందేలా చూడడానికి మాట ఇచ్చాడు. తక్కిన సొమ్ము తండ్రి సమకూర్చాడు. 600 పౌండ్లకు ఒక పాత జిప్సీ మాత్ విమానాన్ని అమీ కొన్నది. తండ్రి వ్యాపారచిహ్నమైన 'జేసన్' అనే పేరును దానికి పెట్టింది.

జేసన్ స్వభావం తెలిస్తేనే ఆ ప్రయాణంలోని కష్టం అర్థమవుతుంది. అది కొయ్య చట్రంపై వస్త్రం బిగించి తయారుచేసిన చిన్న విమానం. ఒకే ఇంజను. పైలట్ కూర్చునే చోటుకు పైకప్పు లేదు. ఎండ, వాన, చలి నేరుగా మనిషికే తగులుతాయి. భూమితో మాటలాడడానికి రేడియో లేదు. సాధారణ వేగం గంటకు సుమారు 137 కిలోమీటర్లు. దాని సొంత ట్యాంకులోని పెట్రోలు ఐదువందల కిలోమీటర్ల చిల్లరకు మాత్రమే సరిపోతుంది. అందుచేత అదనపు ట్యాంకులు అమర్చవలసి వచ్చింది. వాటిలోని ఇంధనాన్ని ఎగురుతూనే చేతిపంపుతో తోడాలి. ఆ వాసనకు ఆమెకు తల తిరిగేది. విడిగా ఒక ప్రొపెల్లరును కూడా విమానానికి కట్టి వెంట తీసుకొని వెళ్ళింది.

భూమి గోళాకారంలో ఉన్నందున రెండు స్థలాల మధ్య అతి తక్కువ దూరం గోళం వంపును అనుసరించి ఉంటుంది. ఆ విధంగా చూస్తే లండన్, డార్విన్ నగరాల మధ్య దూరం సుమారు 13,900 కిలోమీటర్లు. ఆ దారి రష్యా, మధ్య ఆసియా, చైనాల మీదుగా సాగుతుంది. జేసన్ వంటి విమానానికి ఆ దారి అసాధ్యం. దిగడానికి మైదానం, నింపుకోవడానికి పెట్రోలు దొరికే ఊళ్ళను ఒక్కొక్కటిగా అందుకొంటూ పోవాలి. దానివలన దూరం 18,000 కిలోమీటర్లకు పెరిగింది. అయినా అమీ తన పరిధిలో సాధ్యమైనంత సూటి దారినే ఎంచుకొన్నది. పటం మీద బద్ద పెట్టి వియన్నా, ఇస్తాంబుల్, బాగ్దాద్, కరాచీల మీదుగా గీత గీసింది. ఆ గీత టర్కీలోని టారస్ పర్వతాలను దాటుతుందని ఆమెకు తెలియకపోలేదు.

1930 మే 5వ తేదీ ఉదయం జేసన్ క్రాయిడన్ నుండి బయలుదేరింది. ఇంధనభారం వలన మొదటి ప్రయత్నంలో నేలను విడువలేకపోయింది. రెండవసారి గాలిలోకి లేచింది. సాగనంపడానికి వచ్చినవారు తండ్రి, మరికొందరు మిత్రులు మాత్రమే. సుమారు 800 మైళ్ళు ప్రయాణించి సాయంకాలానికి వియన్నా చేరింది. దాదాపు పది గంటలు పట్టిన ఆ దూరాన్ని నేటి జెట్ విమానం రెండు గంటల చిల్లరలో దాటుతుంది. మరునాడు ఇస్తాంబుల్. ఆపైన టారస్ పర్వతశ్రేణి. పదివేల అడుగులకు మించిన శిఖరాల మీదుగా ఎగిరే శక్తి బరువెక్కిన జేసన్‌కు లేకపోయింది. అమీ రైలుమార్గాన్ని గుర్తుగా పెట్టుకొని లోయల మధ్య నుండి విమానాన్ని నడిపింది. ఒకచోట మేఘం కమ్మి దారి కనబడలేదు. మేఘం నుండి బయటపడేసరికి ఎదురుగా కొండగోడ నిలిచి ఉంది. ఆఖరు క్షణంలో విమానాన్ని పక్కకు మళ్ళించి ప్రాణాలు దక్కించుకొన్నది.

అలెప్పో నుండి బాగ్దాద్ వెళ్ళే దారిలో ఇసుక తుఫాను చుట్టుముట్టింది. విమానం గాలిలో వేల అడుగులు కిందికి జారింది. కళ్ళు కనబడని ఆ స్థితిలో ఆమె ఎడారిలోనే దిగింది. గాలికి విమానం కొట్టుకొనిపోకుండా చక్రాలకు సామానును అడ్డం పెట్టింది. ఇసుక చొరబడకుండా ఇంజనును కప్పింది. తుఫాను తగ్గేవరకు విమానం తోక మీద కూర్చొని, చేత రివాల్వరు పట్టుకొని కాలం గడిపింది. ఆ గంటలలో ఆమె ఒక్క అడుగు దూరం కూడా ముందుకు సాగలేదు. అయినా ప్రయాణకాలంలో ఆ గంటలు కూడా చేరాయి.

బయలుదేరిన ఆరవ రోజున, మే 10వ తేదీన, అమీ కరాచీ చేరింది. హింక్లర్ ఎనిమిది రోజులలో చేరిన దూరమది. అంతవరకు ఆమెను పట్టించుకోని పత్రికలు ఒక్కసారిగా మేల్కొన్నాయి. ప్రతి మజిలీలో ప్రజలు గుమికూడసాగారు. ఇంగ్లండు, భారతదేశాల మధ్య ఒంటరిగా ఎగిరే భారతీయునికి ఆగాఖాన్ ప్రకటించిన బహుమతి కొరకు మన యువకులు మన్‌మోహన్ సింగ్, ఆస్పీ ఇంజనీర్, జె.ఆర్.డి. టాటా పోటీపడినది కూడా 1930లోనే. ఆస్పీ ఇంజనీర్ ఆ బహుమతిని గెలుచుకొన్నాడు. చిన్న విమానాలతో దేశాల మధ్య దూరాన్ని కొలవాలన్న ఉత్సాహం నాడు ఖండాంతరాలలో వ్యాపించి ఉండేది.

కరాచీ నుండి అలహాబాదు చేరాలని అమీ సంకల్పించింది. ఎదురుగాలి వలన పెట్రోలు ముందే అడుగంటింది. ఝాన్సీలోని సైనికుల కవాతు మైదానంలో దిగవలసి వచ్చింది. ఆ ఇరుకు స్థలంలో రెక్క దెబ్బతిన్నది. స్థానికుల సహాయంతో దానిని బాగుచేయించి, అలహాబాదు మీదుగా మే 12న కలకత్తా చేరింది. అప్పటికి హింక్లర్ కంటె ఆమె రెండు రోజులు ముందున్నది.

అయితే కలకత్తా తరువాత వర్షాలు మొదలయ్యాయి. రంగూన్ చేరేసరికి కుండపోత వాన. దిగవలసిన గుర్రపుపందేల మైదానం ఆమెకు కనబడలేదు. సమీపంలోని ఇన్‌సీన్‌లో ఒక సాంకేతిక విద్యాలయం ఆటస్థలాన్ని చూసి అక్కడ దిగింది. విమానం ముందుకు దొర్లి కందకంలో పడింది. ప్రొపెల్లరు విరిగింది. చక్రాల చట్రం, రెక్క దెబ్బతిన్నాయి. మరొక పైలట్ అయితే ప్రయాణం అక్కడితో ముగిసేది. అమీ ఆ విద్యాలయం ఉపాధ్యాయులు, విద్యార్థులతో కలిసి మరమ్మతు సాగించింది. విరిగిన ప్రొపెల్లరు స్థానంలో వెంట తెచ్చినదానిని బిగించింది. చిరిగిన రెక్కకు తగిన వస్త్రం ఊళ్ళో లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో మిగిలిపోయిన విమానవస్త్రంతో అక్కడ ఎప్పుడో చొక్కాలు కుట్టించారు. ఆ చొక్కాలనే విప్పి రెక్కకు అతికించారు. జేసన్ తిరిగి ఎగరగలిగింది. కాని మూడు రోజులు గడచిపోయాయి. రికార్డు చేజారింది.

రికార్డు అందదని తెలిసిన తరువాత కూడా ఆమె ప్రయాణాన్ని విరమించలేదు. బ్యాంకాక్, సింగపూర్ దాటి జావా ద్వీపం చేరింది. అక్కడ ఒక చెరకు తోటలో దిగినపుడు నాటి ఉన్న వెదురుకర్రలు రెక్కలను చీల్చాయి. గాయాలకు అంటించే పట్టీలతో ఆ చిరుగులను మూసి ముందుకు సాగింది. తిమోర్ ద్వీపంలో నిర్ణీత విమానక్షేత్రం కనబడక, చీకటి పడే వేళ చీమలపుట్టలు నిండిన పొలంలో దిగింది. ఒక రోజంతా ఆమె జాడ తెలియక ప్రపంచం కలత చెందింది. చివరగా మిగిలినది తిమోర్ సముద్రం. 500 మైళ్ళ నీటిపై ఒకే ఇంజనును నమ్ముకొని ఎగరాలి. మధ్యదారిలో ఒక చమురునౌక కనబడినపుడు దారి తప్పలేదని ఆమెకు ధైర్యం కలిగింది. మే 24వ తేదీన జేసన్ డార్విన్ నేల మీద వాలింది.

మొత్తం పందొమ్మిదిన్నర రోజులు. అనగా దాదాపు 468 గంటలు. 18,000 కిలోమీటర్లను జేసన్ వేగంతో భాగిస్తే సుమారు 130 గంటలు వస్తాయి. తక్కిన కాలమంతా ఏమైనది? ఎదురుగాలి కొంత తిన్నది. వాన, ఇసుక కొంత తీసుకొన్నాయి. మరమ్మతులు రోజులను మింగాయి. ప్రతి రాత్రి నేలకు దిగిన తరువాత ఇంజనును స్వయంగా పరీక్షించి, నూనె మార్చి, పెట్రోలు వడగట్టి నింపి, మూడు నాలుగు గంటలు మాత్రమే నిద్రపోయి, తెల్లవారకముందే ఆమె మళ్ళీ లేచేది. గాలిలో గడచిన గంటల కంటె నేల మీద గడచిన గంటలలోనే ఆమె విజయం నిర్ణయమైంది. స్టాగ్ లేన్ షెడ్డులో ఆమె నేర్చిన విద్య రంగూన్‌లో అక్కరకు వచ్చింది.

డార్విన్ తరువాత అమీకి కీర్తి ఉప్పెనలా ముంచుకొని వచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వం బిరుదునిచ్చింది. ఒక పత్రిక 10,000 పౌండ్లు బహూకరించింది. ఆమె పేరు మీద పాటలు వెలువడ్డాయి. ఆగస్టులో ఇంగ్లండు తిరిగి వచ్చినపుడు లక్షలాది ప్రజలు స్వాగతం పలికారు. మే 5న సాగనంపినవారు గుప్పెడుమంది. మూడు నెలలలో వచ్చిన ఈ మార్పు ఆమెకు ఆనందం కంటె అలసటనే ఎక్కువగా కలిగించింది. ఊరూరా సభలు, విందులు, ఉపన్యాసాలు ఆమె ఆరోగ్యాన్ని దెబ్బతీశాయి. కొంతకాలం విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది.

తరువాతి సంవత్సరాలలో కూడా దూరాన్ని, కాలాన్ని జయించాలన్న తపన ఆమెను విడువలేదు. 1931లో తన గురువు జాక్ హంఫ్రీస్‌తో కలిసి లండన్ నుండి మాస్కోకు ఒకే రోజులో చేరి, అక్కడి నుండి టోక్యో వరకు వెళ్ళింది. 1932లో పైలట్ జిమ్ మాలిసన్‌ను వివాహమాడింది. అదే సంవత్సరం లండన్ నుండి దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌కు ఒంటరిగా ఎగిరి భర్త రికార్డునే అధిగమించింది. 1934లో ఇంగ్లండు నుండి మెల్‌బోర్న్‌కు జరిగిన విమానాల పోటీలో దంపతులు కొత్త కామెట్ విమానంలో పాల్గొన్నారు. 1930లో ఆరు రోజులు పట్టిన కరాచీ దూరాన్ని ఈసారి ఒక్క రోజు లోపుననే దాటారు. నాలుగేళ్ళలో విమానవిద్య సాధించిన ప్రగతికి ఇది నిదర్శనం. కాని కరాచీ దాటిన తరువాత దారి తప్పి జబల్‌పూర్‌లో దిగారు. అక్కడ విమానానికి తగిన పెట్రోలు దొరకలేదు. నాసిరకం ఇంధనంతో ఇంజను చెడిపోయింది. అలహాబాదులో పోటీ నుండి విరమించుకొన్నారు. ఎంత వేగవంతమైన విమానమైనా నేల మీది ఏర్పాటుకు లోబడినదేనని ఆ సంఘటన మరొకసారి రుజువుచేసింది. 1938లో వారి వైవాహిక బంధం ముగిసింది.

రెండవ ప్రపంచయుద్ధం ఆరంభమైన తరువాత, 1940లో అమీ వాయు రవాణా సహాయక దళంలో చేరింది. కర్మాగారాల నుండి యుద్ధవిమానాలను సైనిక స్థావరాలకు చేర్చడం ఆ దళం విధి. రికార్డులు, బహుమతులు లేని ఈ నిత్యసేవను ఆమె శ్రద్ధతో నిర్వర్తించింది. 1941 జనవరి 5వ తేదీన బ్లాక్‌పూల్ నుండి ఆక్స్‌ఫర్డ్ సమీపంలోని కిడ్లింగ్‌టన్‌కు ఒక విమానాన్ని తీసుకొని బయలుదేరింది. అది సుమారు ఒక గంట ప్రయాణం. దట్టమైన మేఘాలు, మంచు దారిని కప్పివేశాయి. గంటలు గడచినా విమానం గమ్యం చేరలేదు. దారి తప్పి ఎంతో దూరాన థేమ్స్ నది సముద్రంలో కలిసే చోటికి వెళ్ళింది. ఆమె పారాచూట్‌తో కిందికి దూకి గడ్డకట్టే నీటిలో పడింది. సమీపంలోని హేస్ల్‌మియర్ అనే నౌక సిబ్బంది రక్షించడానికి ప్రయత్నించారు. నౌకాధిపతి వాల్టర్ ఫ్లెచర్ స్వయంగా నీటిలోకి దూకి, ఆ చలికి ప్రాణాలు కోల్పోయాడు. అమీ దేహం లభించలేదు. పద్దెనిమిది వేల కిలోమీటర్లు దాటిన సాహసిని ఒక గంట ప్రయాణం బలిగొన్నది. అప్పటికి ఆమె వయస్సు 37 సంవత్సరాలు.

2021 నవంబరు నుండి కొన్ని నెలలపాటు ఆస్ట్రేలియా విమానసంస్థ క్వాంటాస్ లండన్, డార్విన్‌ల మధ్య మధ్యలో ఆగని విమానాలను నడిపింది. అమీ పందొమ్మిదిన్నర రోజులలో చేరిన గమ్యాన్ని ప్రయాణికులు సుమారు 17 గంటలలో చేరుకొన్నారు. వారు భోజనం చేశారు, నిద్రించారు, చలనచిత్రాలు చూశారు. వారి కొరకు వాతావరణాన్ని ముందుగా అంచనా వేసినవారు, ఇంధనాన్ని లెక్కగట్టినవారు, ఇంజనును తనిఖీ చేసినవారు, రేడియోలో దారి చూపినవారు వందలమంది. 1930లో ఆ పనులన్నింటిని తన రెండు చేతులతో చేసుకొన్న యువతి నడిపిన జేసన్ నేడు లండన్ విజ్ఞానశాస్త్ర ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నది. కొయ్య, వస్త్రంతో చేసిన ఆ చిన్న విమానాన్ని చూసేవారికి రెండు విమానాశ్రయాల మధ్య గల దూరం కిలోమీటర్లలోనే కాక మనిషి చేసే సంసిద్ధతలో కూడా కొలవదగినదని బోధపడుతుంది. దూరం మారలేదు. దానిని దాటే కాలం తగ్గింది. ఆ తగ్గుదల వెనుక అమీ జాన్సన్ వంటివారి శ్రమ ఉన్నది.